నల్లమందుపై నింద

నొప్పి మాన్పు మందు వాడుచున్న ఒక మనిషి ఏదో కారణమున నెత్తురు పరీక్ష చేయించుకొనును. పరీక్షాశాలనుండి కాగితము వచ్చును. అందు మాంసకృత్తుల లెక్క ఉండవలసిన రీతిని లేదు; హెచ్చియో తగ్గియో యున్నది. ఇంటిల్లపాదికిని వెంటనే తట్టు ఊహ యొకటే: "ఆ మందే యిట్లు చేసినది!" మందు ముందు, వికారము తరువాత, కావున మందు కారణము, వికారము కార్యము. వినుటకు సుగమముగనే యున్నది. కాని తర్కశాస్త్రము చదువుకొన్న మన పూర్వులు ఈ మాటను ఇంత సులభముగ ఒప్పుకొనియుండరు. ముందు వచ్చినదెల్ల కారణము కాదు. అంతేకాదు, ముందు వచ్చినట్లు కనబడునది ఒక్కొక్కప్పుడు నిజమునకు ముందు వచ్చినదే కాదు.

ఇది పండితుల కాలక్షేపమునకై పుట్టిన చిక్కు కాదు. తీర్పు ఒకవైపు తప్పినచో క్యాన్సరు బాధతో తల్లడిల్లు రోగి మార్ఫినును విషమని త్రోసివేయును. ఇంకొకవైపు తప్పినచో ఎముకల మూలుగలో పెరుగుచున్న వ్యాధి "మందు వికటించినది" అను మాట చాటున నెలల తరబడి దాగియుండును. రెండింటను నష్టపడునది రోగియే.

ముందు ఆ మందు సంగతి. గసగసాలు ఎరుగని తెలుగు వంటయిల్లు ఉండదు. ఆ గింజలు పుట్టు కాయయే, పచ్చిగా నున్నపుడు గాటు పెట్టినచో, పాలవంటి రసమును స్రవించును. అది ఆరి రంగు మారి ముద్దకట్టినచో నల్లమందు. 19వ శతాబ్ది తొలి యేండ్లలో జర్మనీ దేశమున ఒక మందుల అంగడిలో పనిచేయుచుండిన ఫ్రీడ్రిఖ్ సెర్ట్యూర్నర్ అను యువకుడు ఆ ముద్దనుండి నిద్రగొలుపు సారమును వేరుచేసెను. గ్రీకుల స్వప్నదేవతయగు మార్ఫియసు పేర దానికి నామకరణము జరిగినది. అదే మార్ఫిన్. నేటికిని మన దేశమున మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వ అనుమతితో ఈ పంట పండుచున్నది. నీమచ్, ఘాజీపూర్ పట్టణములలో ప్రభుత్వ కర్మాగారములు కలవు. మార్ఫిన్, కొడీన్ ఈ కాయ కడుపున పుట్టిన బిడ్డలు. ఫెంటనిల్, మెథడోన్, ట్రమడాల్ మొదలగునవి ప్రయోగశాలలలో పుట్టిన దాయాదులు. అన్నియు మెదడులోను వెన్నుపాములోను గల ఒకే జాతి గ్రాహకములను తాకి నొప్పి తెలియకుండ చేయును. నొప్పిని పుట్టించు కారణమును మాత్రము తొలగింపవు. ఈ చివరి మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు ముందు పని కలదు.

ఇక మాంసకృత్తులు. నెత్తురులోని కణములను తీసివేయగా మిగులు పసుపుపచ్చని ద్రవమున, ప్రతి 100 మిల్లీలీటరులకు సుమారు 6 నుండి 8 గ్రాముల మాంసకృత్తులు కరగియుండును. అందు సగమునకు మించినది ఆల్బుమిన్. దీనిని కాలేయము తయారుచేయును. నీరు రక్తనాళములు విడిచి ఒడలిలోనికి పోకుండ నిలిపి యుంచుట దాని ముఖ్యమైన పని. అది మిక్కిలి తగ్గినచో కాళ్ళు వాచును. అనేక ఔషధములను మోసికొనిపోవు బండియు అదియే. తక్కిన వానిని గ్లోబ్యులినులు అందురు. రోగక్రిములతో పోరాడు ప్రతిదేహములు ఈ వర్గములోనివి. వానిని తయారుచేయు కణములు ప్రధానముగ ఎముకల మూలుగలో నివసించును.

వీనిని ఒకదానినుండి ఒకటి విడదీసి చూచుటెట్లు? స్వీడను దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్నె టిసేలియసు 1937లో ఇందుకు చక్కని ఉపాయము ప్రకటించెను. విద్యుత్ క్షేత్రమున ఉంచినచో ఒక్కొక్క మాంసకృత్తు తన విద్యుదావేశమును బట్టి ఒక్కొక్క వేగముతో జరుగును. పరుగుపందెమున బాలురు విడివడినట్లు అవి విడివడును. ఈ పనికి గాను ఆయనకు 1948లో నోబెలు బహుమానము లభించెను. ఆ పరుగు ఫలితమును గీతగా గీసినచో ఆల్బుమిన్ ఎత్తైన శిఖరముగను, తక్కినవి వరుసగా చిన్న చిన్న మిట్టలుగను కనబడును. చివరిదగు గామా భాగమున ప్రతిదేహములుండును. ఆరోగ్యవంతునిలో అది సాధువైన మెరక. శరీరము పలు క్రిములతో పోరాడుచున్నపుడు వేలకొలది తెగల ప్రతిదేహములు ఒక్కసారిగా పెరుగుటచే ఆ మెరక వెడల్పైన కొండయగును. ఒకే ఒక కణము అదుపు తప్పి తన సంతతిని పెంచుకొని, ఆ సంతతి అంతయు ఒకే అచ్చున పోసిన మాంసకృత్తును విడిచినచో, కొండ కాక సన్నని గోపురము లేచును. కొండయా, గోపురమా? కాగితము చూచు వైద్యుడు మొదట వేసికొను ప్రశ్న ఇది. బడిపిల్లలకు కూడ తెలియజెప్పదగినంత తేటయైన భేదము.

గోపురము కథ మొదలు చెప్పవలెను. అదే మన వివాదమునకు గుండెకాయ.

1844లో లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన శామ్యూల్ సోలీ అను శస్త్రవైద్యుడు ఒక 39 ఏండ్ల స్త్రీ చరిత్రను ప్రకటించెను. కొన్ని యేండ్ల క్రిందట ఆమె వంగినపుడు నడుము పట్టు తప్పినట్లైనది. అంతటినుండి అలసట, ఎముకల బాధ. పిదప భర్త ఆమెను ఎత్తి మంచముమీదికి చేర్చునపుడు తొడ యెముక విరిగినది. చేతి యెముకలు, మెడ ప్రక్క ఎముకలు ఒక్కొక్కటిగా విరిగినవి. నాటి వైద్యమునకు తెలిసినదేమి? నారింజ తొక్క కషాయము, రేవల్చిని మాత్ర, రాత్రివేళ నిద్రకై నల్లమందు. 1844 ఏప్రిలులో ఆమె మరణించెను. ఎముకలను కోసి చూడగా లోపల గట్టి పదార్థము స్థానమున ఎఱ్ఱని మెత్తని ద్రవ్యము కనబడినది.

మరుసటి సంవత్సరము అదే నగరమున ఇట్టి ఎముకల బాధతోనే ఒక వర్తకుడు మంచము పట్టెను. అతని మూత్రమును వేడిచేయగా తెట్టు కట్టుచున్నది, మరింత కాచగా కరగుచున్నది, చల్లారగా మరల గడ్డకట్టుచున్నది. విలియం మాకింటైర్, థామస్ వాట్సన్ అను వైద్యులకు ఇది వింతగా తోచినది. ఆ ద్రవమును ఒక గాజుగొట్టమున పోసి, ఇదేమో చెప్పుమని, రసాయనవేత్తయగు హెన్రీ బెన్స్ జోన్స్ వద్దకు పంపిరి. ఆయన అది ఒక మాంసకృత్తని తేల్చెను. ఆ మాంసకృత్తు నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. రోగి 1846 జనవరి మొదటి దినములలో గతించెను. ఈ వ్యాధికి నేటి పేరు మల్టిపుల్ మైలోమా. మూలుగలో ప్రతిదేహములను చేయు కణములే క్యాన్సరుగా మారుట దీని స్వభావము. 1939లో అమెరికా శాస్త్రజ్ఞులు టిసేలియసు పద్ధతిని ఇట్టి రోగుల నెత్తురునకు ప్రయోగించి సన్నని గోపురమును చూచిరి. పాశ్చాత్యులు గనుక దానిని చర్చి శిఖరముతో పోల్చిరి. 1962లో జెరాల్డ్ ఎడెల్మన్, జోసెఫ్ గాలీ అను వారు బెన్స్ జోన్స్ మాంసకృత్తు మరేమియు కాదు, ప్రతిదేహములోని తేలిక శృంఖలమే యని చూపిరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. సోలీ చూచిన ఆ స్త్రీ నెత్తురును నేడు పరీక్షింపగలిగినచో మాంసకృత్తులు వికటించియుండుట కనబడియే యుండును. ఆమె నల్లమందు తీసికొనుచుండినది కూడ నిజమే. కావున నల్లమందు ఆ వికారమును పుట్టించినదందుమా? మూలుగలో కణములు చెడినవి. వాని వలన గోపురము లేచినది. అవే ఎముకలను తొలిచినవి. తొలిచిన ఎముకలు నొప్పి పెట్టినవి. నొప్పికి నల్లమందు ఇచ్చిరి. వరుసలో మందు చిట్టచివరిది. కాని మనకు కంటికి కనబడు క్రమము వేరు. మందు మొదలిడిన దినము ఇంటివారికి జ్ఞాపకమున్నది. కణము చెడిన దినము ఎవ్వరికిని తెలియదు. రోగి ఆరు నెలలు మాత్రలు మ్రింగిన పిమ్మట పరీక్ష చేసిరి గనుక ఆరు నెలల మందు ఫలితముగ గోపురము తోచును. నిజమునకు గోపురమే ముందు, మందే తరువాత. కార్యమును కారణముగ భ్రమించుట యన నిదియే.

గోపురము కనబడిన ప్రతి మనిషియు మైలోమా రోగి కాడు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు రాబర్ట్ కైల్ 1978లో ఒక సంగతిని స్పష్టపరచెను. ఎట్టి బాధయు లేకుండ చిన్న గోపురము మాత్రము గల మనుష్యులు అనేకులున్నారు. తరువాత మిన్నెసోటా రాష్ట్రమున ఒక జిల్లా ప్రజలను పరీక్షింపగా, 50 ఏండ్లు దాటిన వారిలో నూటికి ముగ్గురికి పైగా ఇది బయటపడినది. ఏటికి నూటికి ఒకరు చొప్పున మాత్రమే వీరు తీవ్రవ్యాధిలోనికి జారుదురు. ఇక ఆలోచింపుడు. మోకాళ్ళ అరుగుదలకో, నడుము నొప్పికో మాత్రలు వాడు వారు ఎక్కువగా పెద్దవయస్సు వారు. వారిలో నూరుగురిని పట్టి పరీక్షించినచో మందుతో నిమిత్తము లేకుండగనే ఇద్దరు ముగ్గురిలో గోపురము కనబడుట సహజము. తాటిచెట్టుపై కాకి వ్రాలినది, పండు రాలినది; కాకి బరువునకు పండు రాలెనని పథికుడు తలచెను. కాకతాళీయన్యాయమని మనవారు ఏనాడో పేరు పెట్టినది దీనికే. కాకిని నిందించుటకు ముందు, కాకులు వ్రాలని చెట్లనుండి ఎన్ని పండ్లు రాలుచున్నవో లెక్కింపవలెను. ఆ లెక్కింపునే నేటి శాస్త్రజ్ఞులు పోలికకై వేరొక సమూహమును తీసికొనుట యందురు.

గోపురమును వదలి కొండ వద్దకు పోయినచో కథ మారును. అచ్చట మాదకద్రవ్యమునకు నిజముగనే కొంత పాత్ర కలదు.

మార్ఫిన్ నుండి తయారైన హెరాయినును 1898లో బాయర్ సంస్థ దగ్గు మందుగా అమ్మినది. తరువాతి కాలమున అది వ్యసనమునకు మారుపేరైనది. 1960, 1970 దశకములలో అమెరికా వైద్యులు, హెరాయినును సూదితో ఎక్కించుకొను వారి నెత్తురును పరీక్షించి, అనేకులలో ప్రతిదేహములు, ముఖ్యముగ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎం అను తెగ, మితిమీరియున్నట్లు కనుగొనిరి. వారిలో పలువురికి సవాయి వ్యాధి లేకున్నను ఉన్నట్లు పరీక్ష చెప్పెడిది. దారి తప్పిన ప్రతిదేహములు పరీక్షనే మోసగించెడివి. మందు ఉన్నది, కొండయు ఉన్నది. మరి నేరస్థుడు దొరికినట్లేనా?

న్యాయశాస్త్రమున గాడిద దృష్టాంతము ఒకటి కలదు. కుమ్మరి కుండ చేయును. మట్టిని గాడిద మోసితెచ్చును. కుండకు కారణములు చెప్పుమన్నచో మట్టి, కుమ్మరి, సారె, కఱ్ఱ అని చెప్పుదుము, గాడిదను చేర్పము. ప్రతి కుండ వెనుకను గాడిద కనబడినను అది అన్యథాసిద్ధమే. హెరాయిను విషయమున జరిగినది ఇట్టిదే. వీధిలో అమ్ము పొడిలో కల్తీలు, దుమ్ము, క్రిములు; పలువురు పంచుకొను మురికి సూది; దానితో ఒకరినుండి ఒకరికి ప్రాకు కాలేయవ్యాధులు; 1980 దశకమునుండి ఎయిడ్సు. ప్రతిదేహములు పోరాడినది వీనితో. శుభ్రమైన మార్ఫినును వైద్యుని పర్యవేక్షణలో నోట తీసికొను రోగులలో ఇట్టి కొండ ఆ మందు లక్షణముగ వైద్యగ్రంథముల కెక్కలేదు. అన్వయమొకటే చాలదు, వ్యతిరేకము కూడ చూడవలెననిన పెద్దల మాట ఇచ్చట అక్కరకు వచ్చుచున్నది. సూది యున్నచోట కొండ యున్నది; మందు ఉండియు సూది లేనిచోట కొండ లేదు.

నరము దొరకక చర్మము క్రిందనే సూది పొడుచుకొనువారి గతి మరింత దయనీయము. పుండ్లు ఏండ్ల తరబడి మానవు. ఆ మంటకు బదులుగ కాలేయము ఎమిలాయిడ్ ఏ అను మాంసకృత్తును పుంఖానుపుంఖముగ విడుచును. అది పోయి మూత్రపిండములలో పేరుకొని వానిని చెఱచును. చెడిన మూత్రపిండములనుండి ఆల్బుమిన్ కారిపోవును, నెత్తురులో తగ్గును, ఒడలు వాచును. ఇచ్చట మాంసకృత్తు ఒకచోట హెచ్చుట, వేరొకచోట తగ్గుట ఒకే తీగకు రెండు కొనలు. పరీక్ష కాగితమున రెండు అంకెలు మాత్రమే కనబడును, తీగ కనబడదు.

మందుతో కలిపిన వస్తువే దోషియైన సందర్భము అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున 2012లో బయటపడినది. ఆక్సిమార్ఫోన్ అను మందు మాత్రలను నలుగగొట్టి దుర్వినియోగము చేయకుండ ఉండుటకై వానిని గట్టిపరచిరి. అందులకు పాలీఇథిలీన్ ఆక్సైడు అను పదార్థమును వాడిరి. అయినను వ్యసనపరులు ఆ మాత్రలను కరగించి సూదితో ఎక్కించుకొనిరి. సన్నని రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టెను, ఎఱ్ఱకణములు చిట్లెను, కొందరి మూత్రపిండములు దెబ్బతినెను. కణములు చిట్లినపుడు బయటపడు ఎఱ్ఱని ద్రవ్యమును పట్టి తీసికొనిపోవుటకు హాప్టోగ్లోబిన్ అను మాంసకృత్తు కలదు. అట్టి స్థితులలో అది ఖర్చయి లెక్క పడిపోవును. జంతువులపై ప్రయోగములు చేయగా, నేరము ఆక్సిమార్ఫోనుది కాదనియు, గట్టిపరచుటకు వాడిన పదార్థముదే యనియు తోచినది. 2017 జూనులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మాత్రలను అంగడినుండి తొలగింపుమని కోరెను. దుర్వినియోగమును ఆపుటకు చేర్చిన పదార్థమే హాని చేసినది!

సామాన్య గృహస్థునకు ఇంతకంటె దగ్గరి అపాయము వేరొకటి యున్నది. ఈ జాతి మందులను తరచుగ పారాసిటమాలుతో కలిపి ఒకే మాత్రగా అమ్ముదురు. ఒక మాత్రకు నొప్పి తగ్గలేదని నాలుగు, నాలుగింటికి తగ్గలేదని ఎనిమిది మ్రింగినచో, మితిమీరిన పారాసిటమాలు కాలేయమును కాల్చివేయును. అందువలననే 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఇట్టి మిశ్రమ మాత్రలలో పారాసిటమాలు 325 మిల్లీగ్రాములకు మించరాదనెను. కాలేయము చెడినచో ఆల్బుమిన్ తయారీ కుంటుపడును. కాని ఒక నిదానము. నెత్తురులోని ఆల్బుమిన్ సగమగుటకు సుమారు 20 దినములు పట్టును. కావున నిన్న మ్రింగిన మాత్ర నేటి ఆల్బుమినును తగ్గింపజాలదు. నిన్న మ్రింగి నేడు పరీక్షించి మందును నిందించువారు ఈ ఒక్క లెక్క తెలిసికొనిన చాలును. దాహము పట్టించుకొనక, వాంతులతో ఒడలు ఎండినవారిలో మాంసకృత్తులు హెచ్చినట్లు కనబడుట కూడ సామాన్యమే. ఉప్పు హెచ్చలేదు, పులుసే ఇగిరినది.

బాణము ఎదురు దిక్కునకు కూడ పోవును. మందు మాంసకృత్తును మార్చునా యని అడుగుచున్నాము. మాంసకృత్తు మందును మార్చుట తెలిసిన విషయమే. మెథడోన్ నెత్తురులో నూటికి 85 పాళ్ళకు పైగా మాంసకృత్తులకు అంటుకొని పయనించును, అందును ముఖ్యముగ ఆల్ఫా-1 ఆమ్ల గ్లైకోప్రోటీను అను దానికి. క్యాన్సరులోను, తీవ్రమైన వాపులలోను ఈ మాంసకృత్తు పెరుగును. బండ్లు పెరిగినచో దిగి పనిచేయు ప్రయాణికులు తగ్గుదురు. కట్టుబడని మందు మాత్రమే మెదడును చేరగలదు. మార్ఫిన్ ఇట్లు కాదు. మూడవ వంతు మాత్రమే కట్టుబడును. అందుచే మాంసకృత్తుల హెచ్చుతగ్గులు దానిని అంతగా బాధింపవు.

ఇంతకును, మందు పూర్తిగా నిర్దోషియా? అట్లని తీర్పు చెప్పుట తొందరపాటగును. రోగనిరోధక కణములపై కూడ నల్లమందు జాతి గ్రాహకములు కలవు. మార్ఫిన్ ఇచ్చిన జంతువులలో నిరోధకశక్తి కొంత సన్నగిల్లుట ప్రయోగములలో కనబడినది. 2020లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నల్లమందు సేవనమును మనుష్యులలో క్యాన్సరు కలిగించు వానిలో చేర్చెను. అయితే ఆ తీర్పు వ్యసనముగ నల్లమందు త్రాగుట, తినుట గూర్చి; చెప్పిన అవయవములు శ్వాసకోశము, స్వరపేటిక, మూత్రాశయము. మైలోమా అందు లేదు. వైద్యుడు వ్రాసియిచ్చు మార్ఫిన్ గోపురమును లేపుననుటకు నిదర్శనము నేటివరకు లేదు.

ఈ జాతి మందులకు గల అసలు దోషము వేరు, అది మొదట చెప్పినదే. నొప్పిని అవి తీసివేయును, కారణమును తీసివేయవు. వయస్సు మీరిన వానికి నడుము నొప్పి తగులుకొని వారములు గడచినను పోదు. రాత్రులందు బాధించును. తోడుగ నీరసము, పాలిపోవుట, మాటిమాటికి జబ్బుపడుట. ఇట్టివానికి మాత్ర వెనుక మాత్ర ఇచ్చి పంపుట వైద్యమనిపించుకొనదు. రక్తకణముల లెక్క, సున్నపు పాలు, మూత్రపిండముల పని, మాంసకృత్తుల విద్యుద్విభజన: ఈ కొద్ది పరీక్షలతో దారి తెలియును. కాగితమున గోపురము కనబడినచో మందును మానివేసి ఊరకుండుట మిక్కిలి ప్రమాదము.

మన దేశమున మార్ఫినునకు కలిగిన కష్టము ఇంకొకటి. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దొంగవ్యాపారమును అణచుటకు పుట్టినది. కాని దాని కట్టుబాట్లకు జడిసి ఆసుపత్రులే మార్ఫినును నిలువచేయుట మానుకొనినవి. నల్లమందు పండించు దేశమున క్యాన్సరు రోగులు దాని సారము దొరకక బాధపడిరి. 2014లో చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులభము చేసిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకై ప్రత్యేక విభాగము పనిచేయుచున్నది. అయినను చట్టము సడలినంత త్వరగా జనుల మనస్సులోని జంకు సడలదు. "అది పట్టించినచో నెత్తురు చెడును" అను మాట ఒక్కటి చాలును, సీసా మూత తీయకుండ అటక ఎక్కించుటకు.

మైలోమా రోగుల విషయమున ఇది మరింత వింత. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి, ఇంటింట నమ్మకముతో వాడు నొప్పి మాత్రలే వీరికి కీడు. బెన్స్ జోన్స్ మాంసకృత్తు ముందే మూత్రపిండములను అడ్డగించియుండును. ఆ మాత్రలు వానిని మరింత దెబ్బతీయును. కావున వైద్యుడు తప్పనిసరియై చేపట్టునది నిందపడిన నల్లమందు వంశమునే. మూత్రపిండములు అప్పటికే చెడియున్నచో మార్ఫిన్ అవశేషములు నెత్తురున పేరుకొని మత్తు మితిమీరును. కనుక దానిని మాని ఫెంటనిల్ గాని, బుప్రెనార్ఫిన్ గాని మొదట కొద్ది మోతాదున ఇచ్చి, రోగి నిద్రను, శ్వాసను చూచుకొనుచు మెల్లగా పెంచుదురు.